విదేశములనుండి ఎలక్ట్రానిక్సు పనిముట్లు కొనుటయందు వివేకము

"ఆడలేక మద్దెల ఓడు" అను సామెతను ఎఱుగనివారు మనలో లేరు. పని చేతకానివాడు పనిముట్టును నిందించుట లోకసహజము. అయినను మద్దెల నిజముగా ఓడైన యెడల ఎంతటి విద్వాంసుడైనను దానిపై తాళము పలికింపజాలడు గదా! ఈ రెండవ మాటను మనము తఱచుగా మఱచుచుందుము. ఎలక్ట్రానిక్సు పని నేర్చుకొను బాలుడు అతుకు సరిగా పట్టకపోయినపుడు తన చేతినే నిందించుకొనును. అతని చేతిలోని సోల్డరింగు ఐరనే కారణమై యుండవచ్చునని తలపడు.

మన విద్యార్థులలో పలువురు పదవ తరగతి ముగించి ఐ.టి.ఐ.లకును, పాలిటెక్నిక్కులకును పోవుచున్నారు. వారిలో కొందరు సెల్‌ఫోనులు, టీవీలు, ఆంప్లిఫయరులు, ఇన్వర్టరులు, చేపల చెఱువులయొద్దనుండు మోటారు స్టార్టరులు బాగుచేయు పనిని జీవనాధారముగా ఎన్నుకొనుచున్నారు. విజయవాడ, మచిలీపట్నము, గుడివాడ, భీమవరము దిక్కులకు పోవు బాటలు మన పామర్రువద్ద కలియుచున్నవి గనుక, ఇట్టి దుకాణమునకు ఇచ్చట పని కొదువ యుండదు. కాని ఆ దుకాణపు మొదటి పెట్టుబడి తలిదండ్రులు వరియో మినుమో అమ్మి దాచిన సొమ్ము. ఆ సొమ్ము ఒక్క తప్పు కొనుగోలుతో నశింపవచ్చును. అంతకంటెను ఘోరమైన సంగతి యేమనగా, చెడ్డ మీటరు చేతబట్టి మెయిను బోర్డును ముట్టిన వాని ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. కావున ఈ పాఠము విద్యార్థులకే గాక వారి తలిదండ్రులకును ఉద్దేశింపబడినది.

1. మన సీమయు, దూరదేశ వర్తకమును

చూడని సరకును సముద్రముల కావలినుండి కొనుట క్రొత్త సంగతి కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611వ సంవత్సరమున మచిలీపట్నములో తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. డచ్చివారును అచ్చట వర్తకము చేసిరి. ఈ తీరపు అద్దకపు గుడ్డలను కొనుటకై వారు తమ మనుష్యులను ఇచ్చటనే నివసింపజేసి, సరకును కన్నులార చూచి, చేతితో తడవి, పిమ్మటనే ఓడకెక్కించిరి. చూడకుండ కొనుటలోని నష్టము వారికి బాగుగా తెలియును. నేడు మనము కొనువారము, దూరదేశస్థులు అమ్మువారు. అచ్చట మన మనుష్యుడు ఎవ్వడును లేడు. కనుక ఆ మనుష్యుడు చేయవలసిన పరీక్షను మనమే ఇంట కూర్చుండి చేయవలసియున్నది.

మంచి సాధనములు విదేశములందే తయారగునని తలచుటయు సరికాదు. మచిలీపట్నములో శాస్త్రపరికరములు చేయుచుండిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ తన అధీనములోనికి తీసికొనెను. రాత్రివేళ చూచుటకు ఉపకరించు పరికరములు చేయు ఆ సంస్థవారి నూతన కర్మాగారము మన చెంతనున్న నిమ్మలూరులో నిర్మింపబడి 2025 అక్టోబరులో జాతికి అంకితమయ్యెను. సూక్ష్మమైన పని చేయగల చేతులు మన సీమలోనే కలవనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

2. ఏవి తెప్పింపవలయును, ఏవి తెప్పింపరాదు

ఈ విషయమున మొదటి సూత్రమిది: ఇచ్చట దొరకు మంచి వస్తువును అచ్చటనుండి తెప్పింపరాదు. విజయవాడ అంగళ్లలో దొరకనిచో హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నపట్నములోని రిచ్చి స్ట్రీటు, బెంగుళూరులోని ఎస్.పి. రోడ్డు కలవు. నాసికులోని టపారియావారి కటింగు ప్లయరులను, స్క్రూడ్రైవరులను మన ఎలక్ట్రీషియనులు చిరకాలముగా వాడుచున్నారు. మోత్వానే, మెకో అను స్వదేశీ సంస్థలు మీటరులను అమ్ముచున్నవి. సాధారణమైన 25 వాట్ల ఐరను ఊరి ఎలక్ట్రికలు దుకాణములోనే దొరకును. అది చెడినయెడల మఱునాడే తిరిగి పట్టుకొనిపోయి అడుగవచ్చును. ఈ సౌకర్యము ఎంతో విలువగలది.

బరువైనవి, మండునవి, అరిగిపోవునవి తెప్పించుట నష్టము. బెంచి వైసు, ట్రాన్సుఫార్మరు మొదలగువాటికి వస్తువు వెలకంటె రవాణా ఖర్చే ఎక్కువ కావచ్చును. బోర్డులు తుడుచు ఆల్కహాలును, నింపిన గ్యాసు ఐరనును విమానములలో మామూలు సరకువలె పంపనీయరు. లిథియము బ్యాటరీలకు కూడ కఠిన నిబంధనలు కలవు. సోల్డరు తీగ మన దేశములోనే తయారగుచున్నది.

ఇక తెప్పింపదగినవి కొన్ని కలవు. అతి సన్నని మొనగల పట్టకారులు, తీగను బోర్డుకు సమముగా కత్తిరించు చిన్న కట్టరులు, ఇచ్చట దొరకని ప్రత్యేకపు ఐరను మొనలు, మంచి స్టేషను, నమ్మదగిన మీటరు ఇట్టివి. ఈ విద్యలో పేరెన్నిక గన్న సంస్థలు కొన్నింటిని ఎఱిగియుండుట మంచిది. జర్మనీలో ఎర్న్‌స్ట్ సాక్సు 1921లో స్థాపించిన ఎర్సా, ఊపర్టాలులో 1882లో మొదలైన క్నిపెక్సు, జపానులోని ఒసాకాయందు 1952లో పుట్టిన హక్కో, అమెరికాలోని వెల్లరు, 1948లో స్థాపింపబడిన ఫ్లూకు ఇట్టివి. ఇట్టి పేరుగల సంస్థల వస్తువులనైనను మన దేశములోనే అధికారము పొందిన విక్రేతలు అమ్ముచున్నారేమో ముందుగా విచారింపవలయును.

3. మేలైన పనిముట్టు లక్షణములు

సోల్డరింగు ఐరను: మంచి మొన లోపల రాగి, పైన ఇనుప పూత. రాగి వేడిని త్వరగా తెచ్చును. ఇనుము ఆ రాగిని కాపాడును. ఏలయన, కరగిన తగరము రాగిని మెల్లమెల్లగా తనలో కరగించుకొనును. చౌక మొనలలో ఈ ఇనుప పూత పలుచన. కొలది దినములలో చిల్లుపడి మొన గుంటలు తేలును. చౌక ఐరనులలో వేడి నిలుకడగా నుండదు. ఒకపుడు చాలకయు, ఒకపుడు మితిమీఱియు ఉండును. వేడి చాలనిచో అతుకు పైకి అంటినట్లు కనబడును గాని లోపల అంటదు. మితిమీఱినచో బోర్డుపై నుండు సన్నని రాగి రేకు ఊడివచ్చును. బాగుచేయుటకు తెచ్చిన ఫోను మఱింత చెడును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

సోల్డరు: తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు గల మిశ్రమము 183 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఒక్కమాఱే కరగి ఒక్కమాఱే గట్టిపడును. 60, 40 పాళ్లది కొంతసేపు ముద్దగానుండి గట్టిపడును. ఆ సమయమున కదలిన అతుకు పాడగును. సీసములేని సోల్డరులలో వాడుకయందున్న ఒక రకము 217 డిగ్రీలు దాటినగాని కరగదు. కావున ఏ సోల్డరు వాడుదుమో తెలిసికొని ఐరనును ఎన్నవలయును. సీసము విషము. పని ముగిసిన పిమ్మట చేతులు కడుగక భుజింపరాదు. పసిపిల్లలు తిరుగుచోట సోల్డరు ముక్కలు పడవేయరాదు.

కట్టరు: దీని మూతిని మూసి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. మొననుండి మొదటివఱకు నడుమ వెలుగు కనబడరాదు. పలుచని కాగితమును మొనతో కత్తిరింపుడు. నలిపివేయక తెగగోసినచో అది మంచిది. దానితో ఇనుప తీగను మాత్రము ఎన్నడును కత్తిరింపకుడు.

స్క్రూడ్రైవరు: స్క్రూ తలపై నక్షత్రమువలె కనబడు గాళ్లన్నియు ఒక్కటి కావు. జపాను పరికరములలోని గాళ్లు ఫిలిప్సు రకమునకు కొంచెము భిన్నము. సరిపడని మొనతో త్రిప్పినచో గాడి అరిగి స్క్రూ రాదు. విద్యుత్తు పనికి వాడుదానిపై 1000 వోల్టుల గుర్తును, జంట త్రికోణముల గుర్తును ఉండవలయును.

మల్టీమీటరు: ప్రాణముతో సంబంధముగల సాధనము ఇది. దీనిమీద క్యాట్ టూ, క్యాట్ త్రీ, క్యాట్ ఫోర్ అను గుర్తులు వేయబడియుండును. ప్లగ్గుకు తగిలించిన పరికరములకు క్యాట్ టూ చాలును. ఇంటి పంపిణీ బోర్డునకు క్యాట్ త్రీ వలయును. వీధి తీగలు ఇంటిలో ప్రవేశించుచోట క్యాట్ ఫోర్ వలయును. ఎదురుగా వ్రాసిన వోల్టుల సంఖ్యను కూడ చూడవలయును. లోపల ఇసుక నింపిన గట్టి పింగాణి ఫ్యూజున్నదా, లేక సన్నని గాజు ఫ్యూజున్నదా అనునది మఱియొక పరీక్ష. మీటరు తీగను ఆంపియరుల రంధ్రములో నుంచి మఱచి మెయిను వోల్టేజిని కొలువబోయినచో అది సూటిగా షార్టు చేసినట్లే. అపుడు మంచి ఫ్యూజు ఎగిరిపోయి మనుష్యుని కాపాడును. గాజు ఫ్యూజు పగిలి, నిప్పు లోపలనే రగిలి, మీటరు చేతిలోనే ప్రేలవచ్చును. ముద్రలనుగూర్చి ఒక మాట: సీఈ అను ముద్ర ఇట్టి వస్తువులపై సాధారణముగా తయారీదారు తన పూచీపై తానే వేసికొనునది. స్వతంత్ర పరీక్షాశాలలవారి ముద్రయున్నచో దాని సంఖ్యను ఆ పరీక్షాశాలవారి పట్టికలో వెదకి సరిచూడవలయును.

4. వోల్టేజియందు మోసపోకుడు

మన యింటి విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. జపానులో 100 వోల్టులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు. ఆ దేశములలోని అంగడిలో కొన్న వస్తువు ఆ దేశపు విద్యుత్తుకే చేయబడియుండును. భౌతికశాస్త్రములో నేర్చిన సూత్రమును ఇచ్చట ఉపయోగింపుడు. శక్తి వోల్టేజి వర్గమునకు అనులోమముగాను, నిరోధమునకు విలోమముగాను ఉండును.

జపానునుండి వచ్చిన 100 వోల్టుల 60 వాట్ల ఐరను నిరోధము, 100 వర్గమును 60చేత భాగింపగా, సుమారు 167 ఓములు. దానిని మన 230 వోల్టులకు తగిలించినయెడల 230 వర్గమగు 52,900ను 167చేత భాగింపవలయును. సుమారు 317 వాట్లు! అరువది వాట్లకు చేసిన తీగ అయిదింతలకు పైగా శక్తిని ఓర్వజాలక క్షణములో కాలిపోవును. ప్లగ్గు ఆకారము మార్చు చిన్న అడాప్టరు తగిలించిన చాలునని కొందరు భ్రమపడుదురు. అది కాళ్ల ఆకారమునే మార్చును గాని వోల్టేజిని మార్చదు.

వోల్టేజి తగ్గించు ట్రాన్సుఫార్మరు వాడవచ్చును గాని దాని వెలయు బరువును లెక్కలో చేర్చవలయును. 60 హెర్ట్జులకు మాత్రమే చేయబడిన స్టేషను 50 హెర్ట్జులమీద ఎక్కువగా వేడెక్కును గూడ. కావున కొనకముందే 220 నుండి 240 వోల్టులు, 50 హెర్ట్జులు అను వ్రాత ఉన్నదో లేదో చూచి, ఆ నమూనా సంఖ్యనే అడిగి తెప్పించుకొనుడు.

5. విక్రేతను ఎన్నుట

మచిలీపట్నము చెంతనున్న చిలకలపూడి రోల్డుగోల్డు నగలు లోక ప్రసిద్ధములు. వాటిని కొనువారు అవి బంగారము కావని ఎఱిగియే కొందురు, అమ్మువారును దాచరు. అందులో మోసము లేదు. అదే నగను మేలిమి బంగారమని చెప్పి అమ్మినచో అది దొంగతనము. పనిముట్లయందును ఇట్లే. తన పేరుతో తాను చేసిన చౌక ఐరను తక్కువదైనను నిజాయితీగల వస్తువు. పరుల పేరు చెక్కిన నకిలీ ఐరను ఎంత మెఱసినను అబద్ధమే. హక్కోవారి 936 అను స్టేషనుకును, వారి టీ-12 అను మొనలకును లెక్కలేనన్ని అనుకరణలు లోకములో వ్యాపించినవి. వాటిలో కొన్ని తమ పేరుతోనే అమ్ముడగును. కొన్ని అసలు పేరునే ధరించి వచ్చును.

ఈ భేదము తెలియుటకు కొన్ని ఉపాయములు:

మొదటిది, తయారీదారుడు తన అధికార విక్రేతల పట్టికను ప్రకటించును. విక్రేత పేరు ఆ పట్టికలో ఉన్నదా చూడుడు. అమెరికాలోని డిజికీ, మౌసరు వంటి పెద్ద విక్రేతలు తయారీదారులవద్దనే సరకు తీసికొని అమ్ముదురు. అనేక చిన్న అంగళ్లవారు ఒకే పైకప్పు క్రింద అమ్ము సంతవంటి సంస్థలలో, సంత పేరు వేరు, అమ్మువాని పేరు వేరు. మనము చూడవలసినది అమ్మువాని పేరు.

రెండవది, అసలు వెలలో సగమునకో మూడవ వంతుకో ఇచ్చెదనని చెప్పువానిని నమ్మకుడు. పెద్ద వర్తకుడు కొద్దిగా తగ్గింపవచ్చును గాని నష్టమునకు అమ్మడు.

మూడవది, కొనినవారి అభిప్రాయములను చదువునపుడు పొగడ్తలను విడిచి ముందుగా ఫిర్యాదులను చదువుడు. "త్వరగా వచ్చినది, పెట్టె అందముగానున్నది" అను మాటలు పనిముట్టును గూర్చి ఏమియు చెప్పవు. ఆరు మాసములు వాడినవాడు వ్రాసిన రెండు పంక్తులు వాటికంటె మేలు.

నాల్గవది, విడిభాగములు దొరకునా? మొన అరిగినపుడు క్రొత్త మొన దొరకని స్టేషను ఒక సంవత్సరములో పాత ఇనుమగును.

అయిదవది, వస్తువు చెడినచో తిరిగి పంపు ఖర్చు ఎవరిది? విదేశమందిచ్చిన వారంటీ మన దేశములో చెల్లునా? ఈ రెండు ప్రశ్నలకు వ్రాతమూలకమైన ఉత్తరము పొందనిదే సొమ్ము పంపకుడు.

6. అసలు వెల ఎంత?

తెరపై కనబడు వెల అసలు వెల కాదు. దిగుమతి సుంకము వస్తువు వెలమీదనే గాక రవాణా, బీమా ఖర్చులు చేర్చిన మొత్తముమీద విధింపబడును. 2020 ప్రాంతమున, సొంత వాడుకకు తెప్పించిన వస్తువుల శీర్షిక క్రింద మూల సుంకము నూటికి 35, ఆ సుంకముమీద సాంఘిక సంక్షేమ సర్చార్జి నూటికి 10, అన్నియు కలిపిన మొత్తముమీద సమీకృత జి.ఎస్.టి. నూటికి 28గా ఉండెను. ఆ రేట్లతో ఒక లెక్క చేసి చూతము.

వస్తువు వెల 6,000 రూపాయలు, బీమాతో కూడిన రవాణా 1,500 రూపాయలు అనుకొందము. మొత్తము 7,500. దీనిపై నూటికి 35 చొప్పున మూల సుంకము 2,625. దానిపై సర్చార్జి 262 రూపాయల 50 పైసలు. ఈ మూడును కలుపగా 10,387 రూపాయల 50 పైసలు. దీనిపై నూటికి 28 చొప్పున 2,908 రూపాయల 50 పైసలు. పన్నులన్నియు కలిసి 5,796 రూపాయలు. మొత్తము ఖర్చు 13,296 రూపాయలు! ఇదిగాక కొరియరు సంస్థవారు పార్సెలు విడిపించినందుకు తమ రుసుమును అడుగుదురు.

ఆరువేలని తలచి కొన్న వస్తువు పదమూడువేలు దాటెను. ఈ రేట్లు బడ్జెట్టుతోను, ప్రభుత్వ ప్రకటనలతోను మారుచుండును గనుక కొనునాటి రేటును విచారించి వేయవలయును. లెక్క పద్ధతి మాత్రము ఇదే. కొందరు విక్రేతలు సుంకమును తామే ముందుగా వసూలుచేసి చెల్లింతురు. కొందరు కొనువానికి విడిచిపెట్టుదురు. ఏ పద్ధతియో ముందే తెలిసికొనుడు. ఇంతయు లెక్కించిన పిమ్మట వచ్చిన సంఖ్యను విజయవాడ అంగడిలోని వెలతో పోల్చుడు. పెక్కు సమయములలో ఇచ్చటి సరకే చౌక యని తేలును.

7. చట్టమును మీఱకుడు

పార్సెలుమీద "బహుమానము" అని వ్రాయుదుమనియో, వెల తగ్గించి చూపుదుమనియో కొందరు విక్రేతలు ఆశ చూపుదురు. అట్టి మాటకు ఒప్పుకొనరాదు. 2019 డిసెంబరునకు పూర్వము 5,000 రూపాయల వఱకు బహుమానములకు సుంకము లేకుండెను. ఆ నెలలో ప్రభుత్వము, ప్రాణరక్షక ఔషధములకును రాఖీలకును తప్ప, ఆ సౌకర్యమును తొలగించెను. కావున అబద్ధపు చీటివలన లాభము లేదు. సరకు జప్తు కావచ్చును. అబద్ధపు వెల వ్రాయించినవాడు వస్తువు దారిలో పోయినపుడు బీమా కోరుటకు కూడ నోరులేనివాడగును.

2020 నవంబరులో భారత ప్రభుత్వము అలీఎక్స్‌ప్రెస్ మొదలగు 43 యాపులను నిషేధించెను. నిషేధింపబడినదానిని దొడ్డిదారిన తెఱచి కొనుట విద్యార్థికి తగని పని. రేడియో తరంగములను ప్రసారము చేయు పరికరములకు ప్రభుత్వ వైర్‌లెస్ శాఖవారి అనుమతి వలయును. ప్రసారిణిని ఇతర పనిముట్లతో కలిపి తెప్పించినచో అన్నియు ఆగిపోవచ్చును.

అమెరికాలోనున్న మేనమామయో, పెద్దనాన్న కుమారుడో సెలవులకు వచ్చునపుడు తెమ్మనుట మన కృష్ణాజిల్లావారికి అలవాటు. ఇది మంచి మార్గమే. ప్రయాణీకుల సామానుకు సుంకములేని పరిమితి కొంత కలదు. అది ఎంతయో ఆ నాటి నియమములలో చూడవలయును. ప్లయరులు, స్క్రూడ్రైవరులు చేతిసంచిలో పెట్టుకొనక, విమానసంస్థకు అప్పగించు పెట్టెలోనే పెట్టవలయునని వారికి ముందుగా వ్రాయుడు. ఆ దేశపు వోల్టేజి సంగతి మాత్రము మఱవకుడు.

8. పార్సెలు వచ్చిన పిమ్మట

పెట్టె విప్పకముందే దాని ముద్రలు చెదరనివో కావో చూచి, విప్పుచున్నపుడు ఫోనుతో చిత్రము తీయుడు. తగవు వచ్చినచో అదియే సాక్ష్యము. పిమ్మట వెంటనే ప్లగ్గులో పెట్టకుడు. ఈ క్రమమున పరీక్షింపుడు.

మొదట, నమ్మదగిన మీటరుతో ప్లగ్గు ఎర్తు కాలునకును, ఐరను మొనకును నడుమ నిరోధము కొలువుడు. కొలది ఓములే ఉండవలయును. అసలే కలియనిచో ఎర్తు లేదని అర్థము. కొన్ని చౌక స్టేషనులలో ఎర్తు తీగ లోపలి లోహపు పెట్టెకు కలుపబడదు. అట్టిదానిని వాడరాదు.

రెండవది, సామాన్యమైన ఐరనైనచో మిగిలిన రెండు కాళ్ల నడుమ నిరోధము కొలువుడు. 230 వోల్టుల 25 వాట్ల ఐరనునకు సుమారు 2,100 ఓములు రావలయును. దానికి చాల దూరమైన సంఖ్య వచ్చినచో పెట్టెమీది వ్రాత అబద్ధము.

మూడవది, ఉపాధ్యాయుని సమక్షమున సీరీసు బల్బు బోర్డునకు తగిలింపుడు. 60 వాట్ల పాతకాలపు తీగ బల్బు పూర్తి కాంతితో వెలిగినచో లోపల షార్టు ఉన్నట్లు. మందముగా వెలిగినను, వెలుగకున్నను షార్టు లేదని తెలియును. మెకానికు ఇంటిలోని ఈ చిన్న బోర్డు ఎన్నో ఫ్యూజులను, కొన్ని ప్రాణములను కాపాడినది. బాలురు ఒంటరిగా ఈ పరీక్ష చేయరాదు.

ఈ పరీక్షలను వస్తువును తిరిగి పంపుటకిచ్చిన గడువులోపలనే ముగింపవలయును. పెట్టెను అటకపై దాచి వేసవి సెలవులలో విప్పిన విద్యార్థికి విక్రేత జవాబు చెప్పడు. మన సీమ గాలిలో తేమ యెక్కువ, సముద్రము సమీపము. పట్టకారులకును కట్టరులకును పలుచగా నూనె రాచి మూతగల పెట్టెలో ఉంచుడు.

9. తలిదండ్రులకు మనవి

పిల్లవాడు విదేశమునుండి పనిముట్టు తెప్పింపుమని అడిగినపుడు కోపింపకుడు. వెంటనే సరే యనకుడు. వెల లెక్కను కాగితముమీద వేసి చూపుమని అడుగుడు. లెక్క చూపగలవాడు ఆ పనిముట్టును వాడుటకును అర్హుడు.

2020 అక్టోబరు మొదటి తేదీనుండి రిజర్వు బ్యాంకు ఆజ్ఞానుసారము క్రొత్తగా ఇచ్చు బ్యాంకు కార్డులు మొదట దేశములోపలనే చెల్లును. విదేశ చెల్లింపు కావలెనన్నచో ఆ సౌకర్యమును మనమే తెఱవవలయును. కొనుగోలు ముగియగానే మఱల మూసివేయుడు. ఓ.టి.పి. సంఖ్యను ఎవ్వరికిని చెప్పకుడు. కొరియరువారు గుర్తింపు పత్రము అడుగుట నియమమే. అయినను దానిని సంస్థవారి అసలైన చిరునామాకే పంపుచు, ఏ పార్సెలు నిమిత్తము ఇచ్చితిరో దానిపై వ్రాసి సంతకము చేయుడు.

"మీ పార్సెలులో నిషిద్ధ వస్తువు దొరికినది, సొమ్ము పంపనిచో అరెస్టు చేసెదము" అని అధికారులవలె ఫోనులో బెదరించు మోసగాండ్రు దేశమంతట బయలుదేరినారు. నిజమైన అధికారి ఫోనులో సొమ్ము అడుగడు. భయపడక ఫోను పెట్టివేసి 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయుడు. వినియోగదారుల ఫిర్యాదులకు 1915 అను సంఖ్య కలదు. మన దేశములో క్రమముగా అమ్ము విదేశ సంస్థలకు కూడ 2020 నాటి ఈ-కామర్సు నియమములు వర్తించును. అయినను ఎక్కడనో దూరదేశములోనున్న చిన్న వర్తకునిచేత సొమ్ము తిరిగి కక్కించుట కష్టసాధ్యము. కావున నష్టపోయినను ఇల్లు గడచునంత సొమ్మునే మొదటి కొనుగోలునకు వినియోగింపుడు.

10. ముగింపు

విద్యార్థులారా, పై చెప్పినదంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది. పనిముట్టు వెల తెరపై వ్రాసిన అంకె కాదు. అది మీ బల్లమీదికి వచ్చి, అపాయములేక పనిచేసి, చెడినపుడు మరల బాగుపడుటకు పట్టు మొత్తము ఖర్చే దాని వెల. ఈ కొలతతో చూచినపుడు చౌకయైనది ప్రియము కావచ్చును. ప్రియమైనది చౌక కావచ్చును. పామర్రులో దొరకునదే అన్నిటికంటె మేలు కావచ్చును.

మొదట ఇచ్చటి సాధారణపు ఐరనుతో వంద అతుకులు నేర్పుగా వేయుడు. చేయి కుదిరిన పిమ్మట ఏ పనికి ఏ సాధనము చాలకున్నదో మీకే తెలియును. అపుడు ఆ ఒక్కదానినే విచారించి తెప్పించుకొనుడు. పది నకిలీ పనిముట్లు నిండిన పెట్టెకంటె నమ్మదగిన నాలుగు పనిముట్లుగల చిన్న బల్ల శ్రేష్ఠము. మీ దుకాణమునకు ఫోనో, ఇన్వర్టరో తెచ్చి యిచ్చు పేదవాడు మీ పనిముట్టును చూడడు. మిమ్ము నమ్మి తన వస్తువును విడిచిపోవును. ఆ నమ్మకమునకు తగిన సాధనమును చేతబట్టుట మీ ధర్మము.

అభ్యాసము

1. 120 వోల్టులకు చేయబడిన 40 వాట్ల ఐరను నిరోధమెంత? దానిని 230 వోల్టులకు తగిలించిన ఎన్ని వాట్లు పుట్టును?
2. వస్తువు వెల 2,000 రూపాయలు, రవాణా 1,000 రూపాయలు. పై పాఠములోని రేట్ల ప్రకారము మొత్తము ఖర్చెంత? రవాణాపై కూడ సుంకము పడుటవలన ఎంత అధికమయ్యెను?
3. గాజు ఫ్యూజుగల మీటరుతో పంపిణీ బోర్డును ఏల ముట్టరాదు?
4. మీ యింట ఒక పనిముట్టును తీసికొని, దానిపై వ్రాయబడిన వోల్టులను, వాట్లను, ముద్రలను నోటుపుస్తకములో వ్రాసి, వాటి అర్థమును తలిదండ్రులకు చెప్పుడు.